వంశపారంపర్య జబ్బు ఉన్న ఇంట్లో రెండో బిడ్డ: ఏ దారి ఎవరికి?

మొదటి బిడ్డకు జబ్బు ఉందని తేలిన రోజునే చాలామంది దంపతులు తమ జన్యువుల గురించి మొదటిసారి వింటారు. అంతవరకు ఇద్దరూ ఆరోగ్యంగా ఉన్నవాళ్లే. "మా వైపు ఎవరికీ లేదు, ఎలా వచ్చింది?" అన్న ప్రశ్న చుట్టూ కొంతకాలం గడుస్తుంది. ఇంకో బిడ్డ ఆలోచన రాగానే ప్రశ్న మారుతుంది: మళ్లీ రాకుండా ఏం చేయవచ్చు? ఒకరు ఐవీఎఫ్ అంటారు, ఒకరు ఉమ్మనీరు పరీక్ష అంటారు, ఇంకొకరు ఉన్న బిడ్డ చాలదా అంటారు. ఏదీ తప్పు సలహా కాదు. కానీ ఎవరి పరిస్థితికి ఏది సరిపోతుందో చెప్పకుండా ఇచ్చిన సలహా అది.

ఈ వ్యాసం ఆ దారులను పక్కపక్కన పెట్టి చూడటానికి. ఏదీ ఎంచుకోకపోవడం కూడా ఒక ఎంపికే. అయితే తెలిసి వదిలేయడం వేరు, తెలియక చేజారిపోవడం వేరు.

జబ్బు పేరు ఒక్కటే చాలదు

"తలసీమియా", "కండరాల జబ్బు", "హీమోఫీలియా" అని చెబితే డాక్టరుకు అర్థమవుతుంది గానీ ల్యాబుకు పని జరగదు. ఏ జన్యువులో, ఏ చోట, ఏ మార్పు ఉందో రిపోర్టులో అక్షరాలతో సహా ఉండాలి. పిండాన్ని పరీక్షించాలన్నా, గర్భంలోని బిడ్డను పరీక్షించాలన్నా వెతకవలసింది ఆ ఒక్క మార్పునే. ముందు జబ్బు ఉన్న బిడ్డ రక్తంలో దాన్ని పట్టుకుంటారు, తర్వాత తల్లిదండ్రుల్లో ఉందా అని చూస్తారు. దీనికి వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు. గర్భం వచ్చాక చూద్దాంలే అనుకున్నవాళ్లకు అప్పటికి సగం దారులు మూసుకుపోయి ఉంటాయి.

మార్పు తెలిస్తే లెక్క తెలుస్తుంది. తలసీమియా, సికిల్ సెల్, వెన్నుపూస కండర క్షీణత వంటి జబ్బుల్లో సాధారణంగా తల్లీ తండ్రీ ఇద్దరూ వాహకులైతేనే (అంటే తమకు జబ్బు లేకుండానే ఆ మార్పును మోస్తుంటేనే) బిడ్డకు జబ్బు వస్తుంది. ప్రతి గర్భంలోనూ ఆ అవకాశం 25 శాతం. వాహకులుగా పుట్టే అవకాశం 50 శాతం, ఏ మార్పూ లేకుండా పుట్టే అవకాశం మిగతా 25 శాతం. నాలుగింట ఒకటి అనగానే "ఒకరికి వచ్చేసింది కాబట్టి మిగతా ముగ్గురికీ రాదు" అని లెక్క వేసుకునేవాళ్లు చాలామంది. విద్యావంతులు కూడా ఇక్కడే పొరపడతారు. నాణేనికి నిన్న ఏం పడిందో గుర్తుండదు. ప్రతి గర్భానికీ లెక్క మళ్లీ మొదటి నుంచే.

హంటింగ్టన్ (నడి వయసులో మెదడును క్రమంగా దెబ్బతీసే జబ్బు) వంటివాటిలో తల్లిదండ్రుల్లో ఒక్కరికి మార్పు ఉన్నా బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం. హీమోఫీలియా, డుషెన్ కండర క్షీణతల్లో మార్పు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. తల్లి వాహకురాలైతే కొడుకుల్లో సగం మందికి జబ్బు వచ్చే అవకాశం ఉంటుంది, కూతుళ్లలో సగం మంది వాహకులు కావచ్చు. అదే హీమోఫీలియా తండ్రికి ఉంటే కొడుకులకు రాదు, కూతుళ్లందరూ వాహకులవుతారు. కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏలో మార్పు అయితే అది తల్లి వైపు నుంచి మాత్రమే వస్తుంది.

ఇంకో రకం ఉంది, అది మనసును వేధిస్తుంది. తల్లిదండ్రులిద్దరి రక్తంలోనూ లేని మార్పు బిడ్డలో కొత్తగా పుట్టవచ్చు. డుషెన్ ఉన్న అబ్బాయిల్లో దాదాపు మూడో వంతు మంది తల్లుల్లో ఆ మార్పు కనిపించదు. "రిపోర్టు నార్మల్, ఇక భయం లేదు" అని ఇంటికి వెళ్లిపోకూడదు. రక్తంలో కనిపించని మార్పు కొన్ని అండాల్లోనో వీర్యకణాల్లోనో దాగి ఉండవచ్చు. మళ్లీ వచ్చే అవకాశం చిన్నదే, కానీ సున్నా కాదు. ఇలాంటివాళ్లు తర్వాతి గర్భంలో పరీక్ష అడగడం అతి జాగ్రత్త అనిపించుకోదు.

రిపోర్టులో "ప్రాముఖ్యం తెలియని మార్పు" అని రాసి ఉంటే అక్కడ ఆగండి. అది జబ్బుకు కారణమో కాదో ఇంకా తేలలేదని అర్థం. దాన్ని ఆధారం చేసుకుని పిండాలను వదులుకోవడం గానీ, గర్భం గురించి నిర్ణయం తీసుకోవడం గానీ సరికాదని నా గట్టి అభిప్రాయం.

ఇంకా బిడ్డే లేనివాళ్లకు: వాహక పరీక్ష

అన్నిటికంటే సులువైనది, అన్నిటికంటే ముందు చేయదగినది ఇదే. ఒక రక్త నమూనా చాలు. అన్నకో అక్కకో తలసీమియా మేజర్ ఉండి మీరు ఆరోగ్యంగా ఉన్నారంటే, మీరు వాహకులయ్యే అవకాశం మూడింట రెండు వంతులు. పినతల్లి, మేనమామ పిల్లల దాకా ఈ పరీక్ష అవసరం ఉంటుంది. దంపతులు దగ్గరి రక్తసంబంధీకులైతే మరీనూ. ఒకే తాత నుంచి వచ్చిన ఒకే మార్పు ఇద్దరిలోనూ ఉండే అవకాశం వాళ్లకు ఎక్కువ.

ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు ఒకటుంది. ఒకరికి తలసీమియా మైనర్ (తలసీమియా వాహకత), ఇంకొకరికి సికిల్ సెల్ ట్రెయిట్ (సికిల్ సెల్ వాహకత) అని రిపోర్టులు వస్తాయి. రెండూ వేర్వేరు జబ్బులు కదా, ఇబ్బంది లేదని ఊపిరి పీల్చుకుంటారు. నిజానికి రెండూ ఒకే బీటా గ్లోబిన్ జన్యువులోని మార్పులే. ఒక్కొక్కరి నుంచి ఒక్కొక్కటి వస్తే బిడ్డకు సికిల్ బీటా తలసీమియా అవుతుంది. బీటా తలసీమియా, హిమోగ్లోబిన్ ఇ (అదే జన్యువులోని ఇంకో మార్పు) కలిసినా అంతే, తీవ్రమైన జబ్బు రావచ్చు. రిపోర్టుల్లో జబ్బు పేర్లు వేరుగా ఉన్నాయని కాకుండా జన్యువు ఒకటా కాదా అని చూడాలి.

ఇంకో చిన్న మెలిక. తలసీమియా మైనర్‌ను సాధారణంగా హిమోగ్లోబిన్‌లో ఎ2 అనే రకం శాతాన్ని బట్టి గుర్తిస్తారు, అది 3.5 దాటితే అనుమానం. కానీ ఒంట్లో ఇనుము బాగా తగ్గితే ఆ శాతం కూడా కిందికి దిగి వాహకత దాక్కోవచ్చు. ఆల్ఫా తలసీమియా వాహకుల్లో ఎ2 మామూలుగానే ఉంటుంది. అందుకని ఎర్ర రక్తకణాల పరిమాణం తక్కువగా ఉండి ఎ2 మామూలుగా వచ్చినప్పుడు "ఏమీ లేదు" అన్న మాటతో సరిపెట్టుకోకుండా ఇంకో అడుగు ముందుకు వేయాలి.

వాహక పరీక్ష పెళ్లిళ్లు చెడగొడుతుందని భయపడేవాళ్లు సైప్రస్‌ను చూడాలి. తలసీమియా విపరీతంగా ఉన్న ఆ దీవిలో 1970ల నుంచి పరీక్షలు మొదలై, పెళ్లికి ముందు తప్పనిసరి అయ్యాయి. ఇద్దరూ వాహకులని తేలిన జంటల్లో అత్యధికులు పెళ్లి మానుకోలేదు. గర్భంలో పరీక్ష చేయించుకుని పిల్లల్ని కన్నారు. తలసీమియా మేజర్‌తో పుట్టే పిల్లలు అక్కడ దాదాపు లేకుండా పోయారు.

అసలు పోటీ ఈ రెండింటి మధ్యే

ఇద్దరూ వాహకులని తేలిందనుకుందాం. సొంత అండం, సొంత వీర్యంతోనే బిడ్డ కావాలనుకుంటే ముఖ్యంగా రెండు దారులు. గర్భం నిలిచాక బిడ్డను పరీక్షించడం ఒకటి, గర్భంలోకి పంపకముందే పిండాన్ని పరీక్షించడం ఇంకొకటి.

మొదటిది పాతది, సూటిగా ఉంటుంది. గర్భం సహజంగా వస్తుంది. 10 నుంచి 13 వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీస్తారు, దాన్నే సీవీఎస్ అంటారు. లేదా 15 వారాలు దాటాక ఉమ్మనీరు తీస్తారు. రెండూ అల్ట్రాసౌండ్ చూస్తూ సన్నటి సూదితో చేసే పనులే (సీవీఎస్‌ను కొన్నిసార్లు గర్భాశయ ముఖద్వారం నుంచి కూడా చేస్తారు). గర్భస్రావం భయం అందరికీ ఉంటుంది. అనుభవం ఉన్న చేతుల్లో ఈ పరీక్ష వల్ల అదనంగా జరిగే నష్టం 200 గర్భాల్లో ఒకటి కంటే తక్కువే. కాబట్టి డాక్టరును అడగవలసిన ప్రశ్న "ప్రమాదమా?" అని కాదు, "మీరు ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు?" అని. తల్లిది నెగటివ్ రక్తమైతే పరీక్ష తర్వాత యాంటీ-డి ఇంజెక్షన్ (బిడ్డ రక్తానికి వ్యతిరేకంగా తల్లి ఒంట్లో ప్రతిరక్షకాలు పుట్టకుండా ఇచ్చేది) గురించి గుర్తు చేయండి. నమూనాలో తల్లి కణాలు కలిసిపోలేదని ల్యాబు నిర్ధారించిందా అని కూడా అడగండి. కలిస్తే ఫలితం తల్లిదే అవుతుంది, బిడ్డది కాదు.

రెండింటిలో సీవీఎస్‌కే నా మొగ్గు, కారణం కాలం. పన్నెండో వారంలో తెలిసిన విషయానికీ, ఉమ్మనీరు ఫలితం వచ్చి పద్దెనిమిదో వారంలో తెలిసిన విషయానికీ మధ్య ఉన్న దూరం క్యాలెండరులో కనిపించదు. అప్పటికి బిడ్డ కదలికలు తెలుస్తుంటాయి. గర్భం తొలగించే పద్ధతి కూడా బరువెక్కుతుంది. చట్టం ఎన్నో వారం దాకా అనుమతిస్తుందో దేశానికో రకం.

ఈ దారిలోని అసలు కష్టం సూదిలో లేదు. ఫలితం చెడుగా వస్తే ఏం చేయాలన్న దాంట్లో ఉంది. 25 శాతం జబ్బులో మొదటి ప్రయత్నంలోనే మంచి ఫలితం వచ్చే అవకాశం నాలుగింట మూడు. రెండు గర్భాలు వరుసగా చెడు ఫలితం ఇచ్చే అవకాశం పదహారింట ఒకటి. కాగితం మీద ఇది చిన్న సంఖ్య. ఆ ఒకటి తమదైన దంపతులకు అది సంఖ్య కాదు. గర్భం తొలగించే ఉద్దేశం లేనివాళ్లు కూడా పరీక్ష చేయించుకోవచ్చు. ముందే తెలిస్తే ప్రసవం ఎక్కడ, ఎలా అన్నది సిద్ధం చేసుకోవచ్చు. అయితే ఆ సంగతి పరీక్షకు ముందే మీ మధ్య తేలి ఉండాలి.

రెండో దారి ఐవీఎఫ్‌తో కలిసిన పిండ పరీక్ష, పీజీటీ-ఎం. మొదటి పరీక్షనాళిక శిశువు 1978లో పుట్టింది. 1990లో లండన్‌లో ఆలన్ హ్యాండిసైడ్ బృందం ఎక్స్ క్రోమోజోము జబ్బులున్న కుటుంబాల కోసం పిండాలను పరీక్షించి, ఆ పిల్లలు పుట్టడంతో ఈ దారి తెరుచుకుంది. ఇప్పుడు జరిగేది ఇది: హార్మోన్ ఇంజెక్షన్లతో అండాలను పెంచి బయటికి తీస్తారు. ఒక్కో అండంలోకి ఒక్కో వీర్యకణాన్ని ఎక్కిస్తారు, వేరే వీర్యకణాల డీఎన్‌ఏ అంటుకుని ఫలితం తారుమారు కాకుండా. అయిదో రోజుకో ఆరో రోజుకో పిండం పైపొర నుంచి కొన్ని కణాలు తీసి ల్యాబుకు పంపి, పిండాన్ని గడ్డకట్టిస్తారు. జబ్బు లేదని తేలిన పిండాన్ని తర్వాతి నెలల్లో గర్భంలోకి పంపుతారు.

వినడానికి ఎంతో శుభ్రంగా ఉంటుంది. గర్భం తొలగించే ప్రసక్తి దాదాపు రాదు. అందుకే చాలామందికి ఇదే "మంచి" దారిగా కనిపిస్తుంది. కానీ దాని లెక్క ఓపిగ్గా వినాలి. పన్నెండు అండాలు దొరికాయనుకోండి. అన్నీ పక్వమై ఉండవు, పక్వమైనవన్నీ ఫలదీకరణ చెందవు, చెందినవన్నీ అయిదో రోజు దాకా నిలవవు. చివరికి మూడో నాలుగో మిగలడం మామూలే. ఇద్దరూ వాహకులైన జబ్బులో వాటిలో నాలుగింట మూడు వంతులు పనికొస్తాయి, ఎందుకంటే వాహక పిండాన్ని కూడా గర్భంలోకి పంపవచ్చు. హంటింగ్టన్ వంటి జబ్బులో సగమే. పనికొచ్చిన పిండం కూడా ప్రతిసారీ గర్భంగా నిలవదు. తల్లికి 35 దాటేకొద్దీ ఈ జల్లెడ మొదట్లోనే అండాలు తగ్గుతాయి. ఒక్క ప్రయత్నంతో బిడ్డ చేతికొస్తుందన్న నమ్మకంతో మొదలుపెట్టినవాళ్లే ఎక్కువగా దెబ్బతింటారు.

జబ్బున్న మొదటి బిడ్డకు ఎముక మజ్జ సరిపోయే తోబుట్టువు కావాలంటే లెక్క ఇంకా ఇరుకవుతుంది. జబ్బు లేకపోవడానికి నాలుగింట మూడు, మజ్జ సరిపోవడానికి నాలుగింట ఒకటి, రెండూ కలిస్తే పదహారింట మూడు. 2000లో అమెరికాలో ఫాంకోని అనీమియా (ఎముక మజ్జ దెబ్బతినే జబ్బు) ఉన్న ఒక చిన్నారి కోసం మొదటిసారి ఇలా చేశారు. సాధ్యమే. ఎన్ని అండాలు, ఎన్ని ప్రయత్నాలు కావాలో మాత్రం మొదటే అడగాలి.

ఇంకో విషయం క్లినిక్కులు అడిగితేనే చెబుతాయి. కొన్ని కణాల డీఎన్‌ఏనే చదువుతారు కాబట్టి తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చిన జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి పరీక్షకు అందకుండా పోవచ్చు. దాన్ని పట్టుకోవడానికే దంపతులతో పాటు జబ్బున్న బిడ్డ రక్తాన్నో దగ్గరి బంధువుల రక్తాన్నో ముందే తీసుకుని, ఆ కుటుంబానికి తగినట్టు పరీక్షను సిద్ధం చేస్తారు. ఆ సిద్ధం చేయడానికే వారాలు పడుతుంది. అయినా పొరపాటు అవకాశం కొద్దిగా మిగులుతుంది కాబట్టి గర్భం నిలిచాక సీవీఎస్‌తోనో ఉమ్మనీరుతోనో నిర్ధారించుకోమని సలహా ఇస్తారు. సూది నుంచి తప్పించుకోవాలని ఇంత దూరం వచ్చినవాళ్లకు ఈ మాట చివర్లో చెప్పడం అన్యాయం. ఇంకోటి, ఆ నెలల్లో గర్భనిరోధం మరిచిపోవద్దు. గర్భంలో ఉన్నది ల్యాబులో ఎంచిన పిండం కాకుండా సహజంగా వచ్చిన గర్భం అయ్యే అవకాశం ఉంటుంది.

మరి ఏది? తల్లి వయసు తక్కువై, గర్భం సులువుగా వస్తుండి, చెడు ఫలితం వస్తే ఏం చేయాలో ఇద్దరికీ స్పష్టత ఉంటే సహజ గర్భం, సీవీఎస్ దారినే నేను ముందు చూడమంటాను. ఇప్పటికే ఒకసారి గర్భం తొలగించుకుని ఇంకోసారి తట్టుకోలేమన్నవాళ్లకు, నమ్మకాల వల్ల ఆ పని చేయలేనివాళ్లకు, ఎలాగూ ఐవీఎఫ్ అవసరమైనవాళ్లకు పిండ పరీక్ష సరైనది. వయసు ముప్ఫయ్యేడు ముప్ఫయ్యెనిమిది దాటి అండాల నిల్వ తక్కువగా ఉంటే, పిండ పరీక్ష ప్రయత్నాలకే విలువైన ఏడాది పోవచ్చు. ఆ లెక్క డాక్టరుతో కూర్చుని తేల్చుకోవాలి.

హంటింగ్టన్ ఇంట్లో వేరే చిక్కు ఉంటుంది. తండ్రికి జబ్బు ఉంది, కొడుకు తనకు వస్తుందో రాదో తెలుసుకోవడానికి ఇష్టపడడు, కానీ తన బిడ్డకు రాకూడదంటాడు. జబ్బున్న తాత నుంచి వచ్చిన ఆ క్రోమోజోము భాగం లేని పిండాలను మాత్రమే ఎంచుకునే పద్ధతి ఒకటుంది. కొడుకు తన ఫలితం వినకుండానే తండ్రి కావచ్చు. తెలియకుండా ఉండే హక్కుకు వైద్యంలో చోటిచ్చిన అరుదైన సందర్భం ఇది.

మిగతా దారులు

దాత అండం లేదా దాత వీర్యంతో లెక్క ఒక్కసారిగా మారుతుంది. ఇద్దరూ వాహకులైన జబ్బులో ఒకరి స్థానంలో ఆ మార్పు లేని దాత వస్తే ప్రమాదం దాదాపు పోతుంది. దాతకు కూడా అదే జన్యువు పరీక్ష చేశారా అన్నది మాత్రం నోటిమాటగా కాకుండా కాగితం మీద చూడాలి. బిడ్డకు ఆ సంగతి ఎప్పుడు, ఎలా చెప్పాలన్నది ముందే మాట్లాడుకోవలసిన విషయం.

మైటోకాండ్రియా జబ్బులకు బ్రిటన్ 2015లో ఒక కొత్త పద్ధతికి చట్టబద్ధత ఇచ్చింది. తల్లి అండంలోని కేంద్రక పదార్థాన్ని ఆరోగ్యకరమైన మైటోకాండ్రియా ఉన్న దాత అండంలోకి మార్చడం దాని సారం. 2025లో ఎనిమిది మంది పిల్లలు ఇలా పుట్టారని అక్కడి వైద్య బృందం ప్రకటించింది. చాలా దేశాల్లో ఇది ఇంకా అందుబాటులో లేదు.

దత్తత గురించి ఒక్క మాటే. దాన్ని మిగతావన్నీ విఫలమయ్యాక పట్టుకునే ఆఖరి కొమ్మలా చూడటం ఆ బిడ్డకు న్యాయం కాదు. వయసు నిబంధనలు, నిరీక్షణ కాలం ఉంటాయి కాబట్టి ఆలోచన ఉంటే మొదట్లోనే వివరాలు కనుక్కోవడం మేలు.

ఏ పరీక్షా లేకుండా గర్భం దాల్చి, పుట్టిన బిడ్డ కోసం సిద్ధంగా ఉండటం కూడా గౌరవించవలసిన దారి. కొన్ని జబ్బుల్లో ఇది ఇప్పుడు మునుపటిలా కాదు. ఫినైల్‌కీటోన్యూరియాను (ఆహారంలోని ఒక ప్రోటీన్ భాగాన్ని ఒళ్లు అరిగించుకోలేని జబ్బు) పుట్టిన తొలి వారాల్లోనే పట్టుకుని ఆహార నియమం మొదలుపెడితే మెదడు దెబ్బతినకుండా కాపాడుకోవచ్చు. వెన్నుపూస కండర క్షీణతకు 2016 చివరి నుంచి వచ్చిన మందులు, లక్షణాలు మొదలవకముందే ఇస్తే బాగా పనిచేస్తాయి. హీమోఫీలియా అనుమానం ఉన్నప్పుడు ప్రసవంలో వ్యాక్యూమ్, ఫోర్సెప్స్ వాడకూడదని, ఫలితం తేలేదాకా బిడ్డకు కండరంలోకి ఇంజెక్షన్ల విషయంలో జాగ్రత్త పడాలని ముందే చెప్పి ఉంచితే మెదడులో రక్తస్రావం ముప్పు తగ్గుతుంది. పదేళ్ల కిందటి పుస్తకంలో చదివిన జబ్బు భవిష్యత్తును బట్టి ఇవాళ నిర్ణయం తీసుకోవద్దు. ఆ జబ్బుతో పెరిగిన పెద్దవాళ్లతో ఒకసారి మాట్లాడితే జీవితం ఎలా ఉంటుందో వాళ్లు చెప్పినంత బాగా ఏ కరపత్రమూ చెప్పదు.

ఈ పని చేయనివి

పదో వారం తర్వాత తల్లి రక్తంతో చేసే ఎన్‌ఐపీటీ చాలా పేరున్న పరీక్ష. తల్లి రక్తంలో బిడ్డ డీఎన్‌ఏ ఉంటుందని డెన్నిస్ లో 1997లో చూపించాక వచ్చింది. మామూలుగా అది చూసేది డౌన్ సిండ్రోమ్ వంటి క్రోమోజోము తేడాలను. తలసీమియా కుటుంబం ఎన్‌ఐపీటీ నార్మల్ అని సంబరపడితే చూడవలసింది చూడనట్టే. పిండాల క్రోమోజోముల సంఖ్య చూసే పీజీటీ-ఏ కూడా అలాంటిదే, దాన్ని పీజీటీ-ఎం అనుకోకండి. మధుమేహం, గుండెజబ్బు, తెలివితేటల స్కోరు చూసి పిండాలను వరుసలో పెట్టే ప్రకటనలకు నేనైతే దూరంగా ఉంటాను. వాటిని నడిపేవి వందలాది జన్యువులు, జీవన పరిస్థితులూ. పిండంలోనే జన్యువును సరిదిద్దడం ఇప్పటికి వైద్యం కాదు. 2018లో చైనాలో ఒక శాస్త్రవేత్త పిండాల జన్యువును మార్చి పిల్లలు పుట్టారని ప్రకటించి, తర్వాత జైలుకు వెళ్లాడు.

నిర్ణయం కోసం కూర్చున్నప్పుడు

జన్యు సలహాదారు దగ్గరికి వెళ్లేముందు దంపతులిద్దరూ విడివిడిగా ఒక కాగితం మీద రాసుకోండి: మనకు ఏది ఎక్కువ భయం, జబ్బున్న బిడ్డా, గర్భం తొలగింపా, అసలు బిడ్డే కలగకపోవడమా? రెండు కాగితాలు ఒకేలా ఉండవు, ఉండాలనీ లేదు. ఇంజెక్షన్లూ సూదులూ గర్భమూ ఒకరి ఒంట్లోనే జరుగుతాయి కాబట్టి ఆ కాగితం బరువు కొంచెం ఎక్కువ. ఆ గదిలోకి అత్తమామలనూ అన్నదమ్ములనూ తీసుకెళ్లకపోవడమే మంచిది. మంచి సలహాదారు మీ బదులు నిర్ణయించడు. "నేనైతే ఇది చేస్తాను" అని ఒత్తిడి చేస్తే ఇంకొకరి దగ్గరికి వెళ్లండి.

మీ దేశంలో పిండ పరీక్ష ఏ జబ్బులకు అనుమతిస్తారో, గర్భం తొలగింపు ఎన్నో వారం దాకానో కనుక్కోండి. లింగం వెల్లడించడాన్ని నిషేధించిన చోట హీమోఫీలియా, డుషెన్ కుటుంబాలకు వేరే నిబంధనలు ఉండవచ్చు, వాటినీ అడగండి.

జబ్బున్న బిడ్డ ఆరోగ్యం క్షీణిస్తూ ఉంటే ఇంకో పని ఆలస్యం చేయకూడదు. జన్యు పరీక్షకు ఇంకా సిద్ధంగా లేకపోయినా డీఎన్‌ఏ నమూనాను ల్యాబులో భద్రపరచమని అడగండి. బిడ్డ ఇప్పటికే లేకపోతే, ఏదైనా ఆపరేషనులో తీసిన కణజాలం గానీ, పుట్టినప్పుడు మడమ నుంచి తీసిన రక్తపు చుక్కల కాగితం గానీ ఆసుపత్రిలో మిగిలి ఉందేమో వాకబు చేయండి. ఎండిపోయిన ఆ చుక్క నుంచి కూడా మార్పును కనుక్కున్న సందర్భాలు ఉన్నాయి.